వేలు పెట్టిన చోటు

ముప్పై ఏళ్ళు ఇంటర్మీడియట్ పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పినవాణ్ణి. అందులో విద్యుదయస్కాంత ప్రేరణ నాకు ప్రాణం. ప్రాథమిక తీగచుట్టలో ప్రవాహం తెగిన క్షణంలో గౌణ తీగచుట్టలో వేల వోల్టులు పుడతాయని, ఫారడే 1831లో పట్టుకున్న ఈ సూత్రమే రోడ్డు మీద పోయే పెట్రోలు కార్లన్నిటినీ నడిపిస్తోందని బల్ల గుద్ది చెప్పేవాణ్ణి. పిల్లలు నమ్మేవాళ్ళు. బోర్డు మీద నేను గీసిన బొమ్మ చూస్తే ఎవరైనా నమ్ముతారు. కాకపోతే నేను కారు బానెట్ ఎత్తి లోపలికి చూసింది మాత్రం రిటైరయ్యాకే.

"ప్రవాహం తెగిన క్షణంలో." ఈ మూడు మాటలూ కాస్త గుర్తుంచుకోండి. పాఠం మొత్తంలో నేను మరిచిపోయినవి అవే.

కారు మా మామగారిది. 1984 నాటి అంబాసిడర్ మార్క్ 4, 1489 సీసీ పెట్రోలు ఇంజను. ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ వాళ్ళు 2014లో తయారీ ఆపేసినా విజయవాడలో ఆ బండికి దిక్కులేదన్న బాధ లేదు. ఆటోనగర్‌లో అడిగితే దొరకని సామాను తక్కువ. మామగారు పోయాక బండి మా ఇంటికి వచ్చింది. దాంతోపాటు మా బావమరిది సానుభూతి కూడా వచ్చింది. వచ్చినప్పుడల్లా బండి చుట్టూ ఒకసారి తిరిగి, "నాన్నగారి దగ్గర ఉన్నన్నాళ్ళూ ఒక్కసారి కూడా ఆగలేదు బావా" అంటాడు. నేను ఆపేశానని అనడు. అననక్కర్లేదు.

వానాకాలం మొదట్లో ఆర్‌సీ రెన్యువల్ గడువు దగ్గరపడింది. పదిహేనేళ్ళు దాటిన సొంత కార్లకు ఐదేళ్ళకోసారి తప్పని తంతు అది. బండిని తీసుకెళ్ళి చూపించాలి. ఇన్‌స్పెక్టరు బానెట్ ఎత్తితే ఇంజను తళతళలాడాలని నాకు బుద్ధి పుట్టింది. ఎవరు అడిగారు? ఎవరూ అడగలేదు. మొక్కలకు నీళ్ళు పట్టే పైపు లాక్కొచ్చి, ఏళ్ళనాటి మడ్డి వదిలేదాకా ఇంజను మీద కొట్టాను. మర్నాడు పొద్దున తాళం తిప్పితే సెల్ఫ్ బ్రహ్మాండంగా తిరిగింది. ఇంజను అందుకోలేదు.

పాత బండ్లు నడిపినవాళ్ళు ఇక్కడే నవ్వుతారు. డిస్ట్రిబ్యూటర్ మూతలోకి తడి చేరింది, అంతే. ఆ తడి వెంబడి కరెంటు పక్కదారి పట్టి ప్లగ్గుల దాకా రావడం లేదు. మూత తీసి, పొడిగుడ్డతో లోపలా బయటా తుడిచి, కాసేపు ఎండలో పెడితే పని అయిపోయేది. నాకూ ఆ మూత తీయాలనే తట్టింది. తీశాను కూడా. తీసినవాడికి తడి కనిపించాలి కదా, పాయింట్లు కనిపించాయి.

పాయింట్లంటే ఈ తరం వాళ్ళకు తెలియకపోవచ్చు. ఇప్పటి కార్లలో లేవు. చార్లెస్ కెటరింగ్ అనే అమెరికా ఇంజనీరు 1910 నాటి కాడిలాక్ కోసం చేసిన ఏర్పాటు, చిన్న చిన్న మార్పులతో డెబ్భై ఏళ్ళకు పైగా లోకంలోని కార్లను నడిపింది. బ్యాటరీ 12 వోల్టులు కాయిలులోకి వస్తాయి. కాయిలు రెండో కొస డిస్ట్రిబ్యూటర్‌లోని పాయింట్లకు వస్తుంది. పాయింట్లు రెండు చిన్న లోహపు బిళ్ళలు. ఒకటి కదలదు, అది ఇంజను బాడీకి, అంటే ఎర్తుకు తగిలి ఉంటుంది. రెండోది స్ప్రింగు మీద ఉంటుంది. నాలుగు మూలలున్న ఇరుసు తిరుగుతూ దాన్ని నెడుతుంటే పాయింట్లు విడిపోతాయి, మళ్ళీ కలుస్తాయి. కలిసి ఉన్నంతసేపూ కాయిలులో కరెంటు పారి అయస్కాంతం తయారవుతుంది. విడిపోయిన క్షణంలో ఆ అయస్కాంతం కుప్పకూలి, లోపలి సన్నతీగ చుట్టలో 20 వేల వోల్టుల దాకా లేస్తుంది. అదే ప్లగ్గులో నిప్పు. ఇంజను నిమిషానికి మూడు వేల చుట్లు తిరుగుతుంటే పాయింట్లు సెకనుకు వందసార్లు విడిపోవాలి. విడిపోయేటప్పుడు వాటి మధ్య నిప్పు రేగి కాలిపోకుండా పక్కనే వేలెడంత కండెన్సర్ ఒకటి కాపలా. ఈ యంత్రాన్ని ఊహించినవాడికి దణ్ణం పెట్టాలి. ఆ మాట ఇప్పటికీ అంటాను.

సరే, నా పాయింట్లు నల్లబడి ఉన్నాయి. ఒక బిళ్ళకు గుంట, ఎదుటి బిళ్ళకు బొడిపె. దొంగ దొరికాడనుకున్నాను. ముందురోజు దాకా అవే గుంటలతో బండి బందరు దాకా పోయి వచ్చిందన్న సంగతి నాకు గుర్తు రాలేదు. గుర్తొచ్చినా కొట్టిపారేసేవాణ్ణేమో, అప్పటికే ఆటోనగర్‌కు వెళ్ళడానికి చొక్కా వేసుకున్నాను.

కొత్త పాయింట్ల సెట్టు, కొత్త కండెన్సర్ తెచ్చాను. ఫీలర్ గేజి కూడా కొన్నాను. మెకానిక్కులు సిగరెట్ పెట్టె అట్టముక్కతో గ్యాప్ పెట్టడం చూసి లోలోపల నవ్వుకునేవాణ్ణి, నేను అలా పెడతానా! 0.4 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా ఉండాల్సిన గ్యాప్‌ను కళ్ళజోడు సర్దుకుంటూ, ఊపిరి బిగబట్టి, బిగించి, వదులు చేసి, మళ్ళీ బిగించి, రేకు పట్టీ పట్టనట్టు జారేలా పెట్టాను. ఆ గ్యాప్ చూసి ఏ ఇంజనీరింగ్ కాలేజీ వాళ్ళైనా మెచ్చుకోవాలి. పాత నట్లూ, పాత పాయింట్లూ ఒక సాసరులో వేశాను. ప్యాకెట్టులో ఇంకా ఏవో చిల్లర ముక్కలు మిగిలితే అవీ అందులోనే పడేశాను. నాకు ఏదీ పారేసే అలవాటు లేదు. ఈ కథలో నేను చేసిన ఒకే ఒక్క మంచిపని అదే.

తాళం తిప్పాను. అందుకోలేదు. ప్లగ్గు ఊడదీసి, వైరు తగిలించి, ప్లగ్గు ఒంటిని ఇంజనుకు ఆనించి సెల్ఫ్ కొట్టిస్తే, నిప్పు జాడే లేదు.

ఇక్కడ ఒక్క ప్రశ్న వేసుకుని ఉంటే చాలు: నిన్న లేనిది ఇవాళ ఏం కొత్తగా వచ్చింది? నా చేయి. పరికరం పనిచేయకపోతే ఆఖరున ముట్టుకున్న చోటు ముందు చూడమని ల్యాబులో పిల్లలకు చెప్పిన నోరే నాది. కానీ అంత శ్రద్ధగా చేసిన పనిలో తప్పు ఉంటుందని మనసు ఒప్పుకోదే! గ్యాప్ అంత ముచ్చటగా కుదిరాక తప్పు ఇంకెక్కడో ఉండి తీరాలి. అక్కణ్ణుంచి నేను వేలు పెట్టిన చోటు తప్ప మిగతా బండంతా వెతికాను.

ప్లగ్గులు మార్చాను. పాతవి తీసినప్పుడు పెట్రోలుతో తడిసి ఉన్నాయి. అంటే పెట్రోలు వస్తోంది, నిప్పే రావడం లేదని అవి మొహం మీదే చెబుతున్నాయి. వాటిని తుడిచి పక్కన పెట్టాను, మాట వినలేదు. తర్వాత కాయిలు మీద చేయి వేస్తే చురుక్కుమంది. ఇంజను తిరగకుండానే కాయిలు అంత కాలిపోతోందంటే లోపల చెడిపోయి ఉండాలని తేల్చి కొత్తది కొన్నాను. కొత్తదీ కాలింది. అప్పుడైనా ఆగాలి. కాయిలు ప్రాథమిక చుట్ట నిరోధం సుమారు మూడు ఓములు. పన్నెండును మూడుతో భాగిస్తే నాలుగు ఆంపియర్లు, 48 వాట్లు. అంత వేడి ఆగకుండా పుడుతోందంటే కరెంటు ఎక్కడా తెగడం లేదన్న మాట. ఇంటర్ మొదటేడు పిల్లవాడు చేసే లెక్క. నేను చేయలేదు. బదులుగా కొత్త కాయిలు కూడా నాసిరకమని నిర్ణయించాను.

బావమరిది వచ్చాడు. సెల్ఫ్ కొట్టమని వాణ్ణి సీట్లో కూర్చోబెట్టి, కాయిలు నుంచి డిస్ట్రిబ్యూటర్‌కు వచ్చే నడిమి వైరు చేత్తో పట్టుకుని, కొసను ఇంజనుకు దగ్గరగా పెట్టాను. చేత్తో పట్టుకోకూడదని తెలుసు. నిప్పు రాని వైరు ఏం చేస్తుందిలే అన్న ధైర్యం. వాడు సెల్ఫ్ కొట్టాడు. ఏమీ లేదు. "చాల్లే ఆపరా" అన్నాను. వాడు తాళం వెనక్కి తిప్పాడు. అంతే, మోచేతి దాకా జివ్వుమని లాగింది, తల పోయి బానెట్‌కు కొట్టుకుంది.

నుదురు రుద్దుకుంటూ నేను అన్న మాట చెప్పడానికి ఇప్పటికీ సిగ్గు. "ఒరేయ్, స్పార్కు వస్తోందిరా! కరెంటు బాగానే ఉంది. ఇక తేడా కార్బొరేటర్లోనే."

నిప్పు ఎప్పుడు వచ్చింది? తాళం ఆపినప్పుడు. అంటే ఇంజను తిరిగినంతసేపూ తెగని కరెంటు స్విచ్చి ఆపగానే తెగింది. తెగిన క్షణంలో వేల వోల్టులు పుట్టాయి. నా పాఠం నాకే ఒంటి మీద రాసి చూపించింది. కాయిలు బాగుంది, వైర్లు బాగున్నాయి, పాయింట్ల దగ్గరే కరెంటు తెగడం లేదని ఇంతకంటే స్పష్టంగా ఎవరు చెబుతారు? నేను స్పానరు పట్టుకుని కార్బొరేటర్ విప్పడానికి వెళ్ళాను.

కార్బొరేటర్ సంగతి వదిలేద్దాం. విప్పాను, కడిగాను, మళ్ళీ బిగించాను. ఈ లోపు సెల్ఫ్ కొట్టీ కొట్టీ బ్యాటరీ నీరసించింది. వీధి కుర్రాళ్ళు బండిని చివరిదాకా నెట్టి, మళ్ళీ వెనక్కి నెట్టారు. స్పార్కు లేని బండిని తాడేపల్లి దాకా నెట్టినా స్టార్టు కాదు. ఆ సంగతి వాళ్ళకు తెలియదు, నాకు తెలియాలి.

నా ఊహల్లో ఏ ఒక్కటీ విడిగా చూస్తే పిచ్చిది కాదు. ప్లగ్గులు చెడతాయి. కాయిళ్ళు చెడతాయి. కార్బొరేటర్లో చెత్త చేరుతుంది. కొత్తగా కొన్న కండెన్సర్ పెట్టెలోంచే పనికిరానిదై ఉండడమూ జరుగుతుంది. మెకానిక్కులెవరైనా చెబుతారు. అందుకే ప్రతి ఊహా నాకు తెలివైనదిగానే కనిపించింది. పిచ్చి వాటిని పేర్చిన వరసలో ఉంది. ఎంత దూరం పోయినా తప్పు నా చేతిది కాకుండా ఉంటే చాలన్నదే ఆ వరస.

ఆడలేక మద్దెల ఓడన్నట్టు, మిగిలింది కొట్టాయన. కండెన్సర్ పట్టుకుని వెళ్ళి నలుగురు బేరగాళ్ళ ముందు, "డూప్లికేట్ సరుకు అమ్మితే ఎలాగండీ" అన్నాను. గొంతు కొంచెం పెంచే అన్నాను, క్లాసులో వెనక బెంచీకి వినబడాల్సినంత. ఆయన వాదించలేదు. ఇంకోటి ఇచ్చాడు. అదీ పనిచేయకపోయేసరికి మళ్ళీ వెళ్ళాను, ఈసారి ఇంకా వేడిగా.

ఆయన నోట్లో కిళ్ళీ పక్కకు నెట్టి, నేను తెచ్చిన కండెన్సర్లకు మీటరు పెట్టి చూశాడు. లోపల షార్టు లేదు. "కండెన్సర్ తెగిపోతే స్పార్కు బలహీనంగానైనా వస్తుంది మాష్టారూ, పాయింట్లు కాలతాయి, బండి తుళ్ళుకుంటూనైనా అందుకోవాలని చూస్తుంది. మీది అసలు అందుకోవడమే లేదంటున్నారు" అన్నాడు. తర్వాత, ఇంకెవరికో ఫ్యాను బెల్టు తీసి ఇస్తూ, నా వైపు చూడకుండానే, "పాయింట్ల పోస్టు మీద నైలాన్ బుష్ వేశారుగా?" అని అడిగాడు.

"వేయకుండా ఎలా ఉంటాను?" అన్నాను.

నైలాన్ బుష్ అంటే ఏమిటో నాకు ఆ క్షణం దాకా తెలియదు.

ఇంటికి వచ్చి సాసరు వెతికాను. పాత నట్ల మధ్య, మినపగింజంత తెల్లటి టోపీ ఒకటి. ప్యాకెట్టులోంచి రాలిన ముక్కల్లో దాని కొత్త జత. ప్యాకింగు కోసం పెట్టిన ప్లాస్టిక్ అనుకున్నాను దాన్ని.

ల్యూకాస్ తరహా డిస్ట్రిబ్యూటర్లో పాయింట్ల స్ప్రింగూ, కండెన్సర్ వైరూ, కాయిలు నుంచి వచ్చే వైరూ మూడూ ఒకే చిన్న పోస్టు దగ్గర కలుస్తాయి. ఆ మూడూ ఒకదానికొకటి తగలాలి, పోస్టుకు మాత్రం తగలకూడదు. ఎందుకంటే పోస్టు ఎర్తులో ఉంది. ఆ మూడింటి కళ్ళలోంచి దూరి, పోస్టుకూ నట్టుకూ అంటకుండా కాపాడేది ఈ నైలాన్ టోపీ. అది లేకుండా నట్టు బిగిస్తే కాయిలు కరెంటు పాయింట్ల మొహం చూడకుండా నేరుగా ఎర్తులోకి పోతుంది. పాయింట్లు తెరుచుకున్నా ఒకటే, మూసుకున్నా ఒకటే. నేను ఊపిరి బిగబట్టి పెట్టిన ఆ గ్యాప్ ఉండీ లేనట్టే. కాయిలు కాలుతుంది. ప్లగ్గులు తడుస్తాయి. తాళం ఆపినప్పుడు మాత్రం నిప్పు వస్తుంది. అన్నీ సరిగ్గా అలాగే జరిగాయి. బండి మొదటినుంచీ నిజమే చెప్పింది.

టోపీ పెట్టి నట్టు బిగించాను. మూతలో తడి ఎప్పుడో దానంతటదే ఆరిపోయింది. తాళం ఇలా తిప్పానో లేదో ఇంజను అందుకుంది.

ఇలాంటి చిక్కు వస్తే చేయాల్సింది ఎంత చిన్న పనో తర్వాత నేర్చుకున్నాను. ఒక 12 వోల్టుల బల్బు, రెండు వైరు ముక్కలు చాలు. ఒక వైరు ఎర్తుకు కట్టి, ఇగ్నిషన్ వేసి, రెండోది కాయిలుకు బ్యాటరీ వచ్చే కొసకు తాకించాలి. వెలగకపోతే తేడా స్విచ్చి వైపు ఉంది. వెలిగితే దాన్ని కాయిలు రెండో కొసకు, డిస్ట్రిబ్యూటర్‌కు పోయే వైపుకు మార్చి సెల్ఫ్ కొట్టించాలి. బల్బు మినుకు మినుకుమంటే పాయింట్లు తమ పని చేస్తున్నాయి, ఇక చూడాల్సింది కాయిలు, మూత, రోటర్, పెద్ద వైర్లు. ఆగకుండా వెలుగుతూనే ఉంటే పాయింట్లు కలవడం లేదు. మురికో, గ్యాప్ ఎక్కువో, లోపలి వైరు తెగడమో. అసలు వెలగకపోతే కరెంటు డిస్ట్రిబ్యూటర్‌లో ఎక్కడో ఎర్తుకు పోతోంది. ఆ వైరును కాయిలు దగ్గర ఊడదీయగానే బల్బు వెలిగితే ఇక అనుమానమే అక్కర్లేదు. నా బండికైతే ఆ బల్బు వెలిగేది కాదు. కొత్త కాయిలూ కొత్త ప్లగ్గులూ కొనకముందే, చొక్కా మార్చుకోకముందే తెలిసిపోయేది. పాత బండి ఉన్నవాళ్ళు డిక్కీలో స్టెప్నీ పక్కన ఆ బల్బు ఒకటి పడేసుకోండి. వైరును మాత్రం చేత్తో పట్టుకోకండి.

ఇంతవరకూ చెప్పింది తెలివితక్కువతనం. దాని గురించి నాకు పెద్ద బాధ లేదు. చెప్పుకోవాల్సింది ఆ తర్వాతిది.

ఇంజను చప్పుడు విని మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి, "ఏమైందండీ ఇంతకీ?" అని అడిగింది. సాసరు నా చేతిలోనే ఉంది. "కండెన్సర్. డూప్లికేట్ అంటగట్టాడు ముందు. రెండోసారి గట్టిగా అడిగితే అసలుది ఇచ్చాడు" అన్నాను. ఆలోచించి చెప్పింది కాదు, నోటికి అలా వచ్చేసింది. సాయంత్రం బావమరిదికి ఫోను చేసి అదే చెప్పాను, కొంచెం పెంచి. మర్నాడు వాకింగుకు వచ్చే మిత్రులకు చెప్పేసరికి కథలో కొట్టాయన నా ముందు నీళ్ళు నమిలాడు కూడా. ఆర్‌సీ పని కూడా అయిపోయింది. ఇన్‌స్పెక్టరు లైట్లూ హారనూ చూశారు, ఇంజను శుభ్రత గురించి ఒక్క మాటా అనలేదు.

వాకింగు మిత్రుల్లో ఒకాయనకు పాత ఫియెట్ ఉంది. ఈమధ్య మాటల్లో, నా అనుభవం విన్నప్పటినుంచీ ఆ కొట్టు గడప తొక్కడం మానేశానని, ఇంకోచోట ఎక్కువ డబ్బు పెట్టి కొంటున్నానని చెప్పాడు. ఇంకో ఇద్దరికి కూడా అలాగే సలహా ఇచ్చాడట. "మీరు చెప్పకపోతే మేమూ మోసపోయేవాళ్ళం మాష్టారూ" అన్నాడు. అప్పుడూ నేను నోరు విప్పలేదు. తల ఊపాను.

మొన్న కొట్టుకు వెళ్ళి ఆయనకు విషయం చెప్పాను. "బుష్షేనా?" అని, "అందరూ మరిచిపోతారు లెండి" అని బిల్లు రాసుకోవడంలో పడ్డాడు. నేను ఆయన వెనక ఎంతమందికి ఏం చెప్పానో మాత్రం అక్కడ చెప్పలేకపోయాను. అందుకే ఇది రాస్తున్నాను.

నా మాట విని ఆ కొట్టు మానేసినవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, దయచేసి మళ్ళీ వెళ్ళండి. ఆయన నాకు అమ్మిన పాయింట్లు మంచివే. రెండు కండెన్సర్లూ అసలైనవే.